మెడ వెనక వాక్యం

టాంపెరెలో నవంబరు.
మధ్యాహ్నం మూడింటికే వీధి దీపాలు.
పాత నూలుమిల్లు నేలమాళిగలో మా గది.
గోడలకి బూడిదరంగు స్పాంజి,
ఒక కుర్చీ, ఒక హెడ్‌ఫోను,
రెండు రంగుల కాగితాలు.

పసుపు కాగితం మీద:
"ఈ శబ్దం వింటే నడినెత్తిన మొదలై
మెడ మీదుగా వెన్నులోకి
సన్నగా ఝల్లుమంటుంది."
నీలం కాగితం మీద:
"ఈ శబ్దం వింటే ఏమీ అవదు."

ఎవరి వంతు కాగితం వాళ్లకి చదివి వినిపించడం నా పని.
గొంతు పెంచకూడదు, తగ్గించకూడదు,
ముఖ్యంగా నవ్వకూడదు.

శబ్దం మాత్రం ఒక్కటే.
అదీ నేను చేసిందే.
ఒక ఆదివారం రాత్రి ఊపిరి బిగబట్టి
గడ్డం గీసుకునే బ్రష్షుతో
ఎండిన బిర్చ్ బెరడు మీద ఏడు నిమిషాలు.
ఎన్నిసార్లు విన్నా నాకు బెరడే వినిపిస్తుంది.
ఎవరి చక్కిలిగింత వాళ్లకి రాదు కదా.

పసుపు విన్న ట్రామ్ డ్రైవరు తైస్తో
మూడో నిమిషంలో భుజాలు జారవిడిచాడు.
"ఎవరో నా కాలరులోకి
గోరువెచ్చని ఇసుక వొంపుతున్నట్టుంది" అన్నాడు.
నీలం విన్న అతని చెల్లెలు ఈర్యా
"ఎవరో బూట్లు తుడుస్తున్నారు, అంతేగా?" అంది.
ఒకే తల్లి పిల్లలు, అదే కుర్చీ, అదే బెరడు.
మెట్లెక్కుతూ కూడా
ఇద్దరూ వాదించుకుంటూనే ఉన్నారు.

గురువారం ఓర్వొక్కి వచ్చింది.
నలభై ఏళ్లు చేతి తొడుగుల ఫ్యాక్టరీలో
వేళ్ల సందులు కుట్టిన మనిషి.
బూట్ల మంచు గుమ్మంలోనే దులిపి కూర్చుంది.
పసుపు చదివాను.
కళ్లు మూసుకుంది.
నాలుగో నిమిషానికి ఆమె ముంజేతి మీద
రోమాలు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి.
ఝల్లుమన్నప్పుడల్లా నొక్కమన్న మీట
పదమూడుసార్లు నొక్కింది.

అప్పుడు చూశాను,
బల్ల కింద
హెడ్‌ఫోను తీగ ఊడి వేలాడుతోంది.

"చాలా బాగుంది," అంది లేస్తూ.
"చివర్లో కొంచెం నెమ్మదించారు చూడండి,
అక్కడ ఇంకా బాగుంది."
కోటు తొడిగి పంపించాను.
చెప్పలేదు.

"ఆ వరస కొట్టెయ్," అన్నాడు ప్రొఫెసర్ కౌకో.
కొట్టేశాను, పెన్సిలుతో,
కింద ఉన్నది చదవగలిగేలా.

అబద్ధం అనలేను.
మాటలు నటిస్తాయేమో, రోమాలకి నటన రాదు.
ఎదురుచూపు అంటాం గానీ
కళ్లు మూసుకున్న మనిషి చూసేదేముంది?
చూసేది చర్మం.
రాని చుట్టానికి పీట వేసి,
వచ్చాడనే అనుకుని,
పలకరించి, కుశలమడిగి,
సాగనంపి కూడా వస్తుంది.
మరి వచ్చిన రోజున మాత్రం
వచ్చింది చుట్టమో, పీటో
ఎవరు తేల్చి చెప్పగలరు?
దీనికి మా ఫారంలో గడి లేదు.

పదకొండో వారం, ఆఖరి రోజు.
దారిఖర్చుల రసీదు మీద సంతకం మర్చిపోయానని
తైస్తో మళ్లీ వచ్చాడు.
తొడుగు పళ్లతో లాగి సంతకం చేశాడు.
తన ప్రతిని రెండుగా మడిచాడు,
నాలుగుగా మడిచాడు,
మడత వెంబడి బొటనవేలి గోరుతో
నెమ్మదిగా,
ట్రామ్ ఆఖరి స్టాపులోకి జరిగినంత నెమ్మదిగా
గీశాడు.

నడినెత్తిన మొదలైంది.
మెడ మీదుగా వెన్నులోకి.
చేతిలో చిల్లర ఎంతవరకు లెక్కపెట్టానో మర్చిపోయాను.

నాకెవరూ ఏ కాగితమూ చదవలేదే అనుకున్నాను.
తర్వాత గుర్తొచ్చింది.
పదకొండు వారాలుగా, రోజుకి ఆరుగురికి,
పెంచకుండా తగ్గించకుండా
పసుపూ నీలమూ చదివింది నేనే.
వాళ్ల చెవుల కోసమని చదివాను.
నా మెడ అన్నాళ్లూ
నా వెనకే నిలబడి వింది కాబోలు,
పసుపు మాత్రం దాచుకుంది.

"ఏమైంది?" అన్నాడు తైస్తో.

"ఏమీ అవలేదు," అన్నాను
నీలం కాగితం గొంతుతో,
నవ్వకుండా.